నీడ చూసుకొని బయల్దేరండి

చిట్టికి, నానిగాడికి,

అవ్వ ఆశీస్సులు. సెలవులకు తిరుపతి వస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. స్పోర్ట్స్ డే అయిన మర్నాడు చిట్టికి చేతుల మీద, మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయని, ఎండ పడని చర్మమని డాక్టరు అన్నారని కూడా చెప్పింది. "ఆ ఊరి ఎండల్లో దీన్నెట్లా తిప్పుతావమ్మా?" అని దాని టెన్షన్. తిప్పుతాను. మీకు కొంచెం ముందే తెలిసుంటే నాకు సులువు, అందుకే ఈ ఉత్తరం.

ముందు నా గుండు సంగతి వినండి. మీ తాతకు ఆపరేషన్ అయిన ఏడాది బ్రహ్మోత్సవాలప్పుడు కొండ మీద తలనీలాలిచ్చాను. గుండుకు చందనం పూసుకొని, వాహన సేవ చూద్దామని పొద్దున్నే మాడ వీధిలో గ్యాలరీ ఎక్కి కూర్చున్నాను. పలచగా మబ్బు, చల్లటి గాలి. పదకొండు దాటాక గానీ లేవలేదు. ఆ రాత్రి తల దిండుకు ఆనించలేకపోయాను, మూడో రోజుకు పొట్టు లేచింది. నలభై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, చూడండి! చందనం చల్లగా ఉంటుంది, ఎండను మాత్రం ఆపదు.

నేను చేసిన తప్పేమిటంటే, చెమట పట్టలేదు కాబట్టి ఎండ లేదనుకోవడం. సూర్యుడి నుంచి వేడి వస్తుంది, అతినీలలోహిత కిరణాలూ వస్తాయి. వేడి ఒంటికి తెలుస్తుంది, ఆ కిరణాలు తెలియవు. చర్మాన్ని కాల్చేవి అవే. పలచటి మబ్బు వాటిని పెద్దగా ఆపదు. పైగా ఎత్తుకు పోయేకొద్దీ పెరుగుతాయి, వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం చొప్పున. తిరుమల చల్లగా ఉంటుంది కదా అని కింద వేసుకున్న టోపీ పైన తీసేస్తే నాలాగే అవుతుంది.

ఈ కిరణాల్లో బి రకం చర్మాన్ని ఎర్రగా కాలుస్తుంది. ఎ రకం ఇంకా లోతుకు దిగుతుంది. చిట్టీ, నీకు వచ్చినట్టు దురద దద్దుర్లు రావడానికి చాలాసార్లు ఈ ఎ రకమే కారణం. దానికి మామూలు గాజు అడ్డం కాదు. అందుకే బస్సులో అద్దం వేసి ఉన్నా ఎండ పడే వైపు కూర్చోవద్దు. కిటికీ సీటు నానిగాడికి ఇచ్చెయ్యి, వాడు ఎటూ దానికోసం కొట్లాడతాడు.

మరి ఎండ ఎంతుందో తెలిసేదెలా? నీడ చూడండి. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే కిరణాలు గట్టిగా ఉన్నట్టు. మన ఊళ్ళో ఏప్రిల్ చివరి వారంలో ఒక రోజు మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. మళ్ళీ ఆగస్టు మధ్యలోనూ అంతే. కర్తరి రాకముందే కిరణాలు అంత గట్టిగా ఉంటాయి. ఆ నీడలేని పూట మిద్దె మీద ఒక చెంబు పెట్టి చూపిస్తాను, గొడుగు కింద నిలబడి చూద్దాం.

అలిపిరి మెట్లు 3,550. దారికి చాలావరకు పైకప్పు ఉంది, అయినా తెల్లవారుజామునే మొదలుపెడదాం. జూపార్కు సాయంత్రం తలుపులేసే లోపు, నీడలు సాగాక. తలకోన నీళ్ళలో దిగితే చల్లగా ఉందని గంటలు గంటలు ఉండిపోవద్దు. తడిసిన పలచటి తెల్ల చొక్కా ఎండను చాలా లోపలికి పోనిస్తుంది. గుడ్డను వెలుగుకు ఎత్తి పట్టుకొని చూడండి, అవతల మనిషి కనబడితే ఎండకూ దారి ఉన్నట్టే. దట్టమైన నేత, పొడుగు చేతులు, ముదురు రంగు మేలు.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 అయితే బి కిరణాల్లో సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. కాబట్టి పెద్ద నంబరు కోసం డబ్బు తగలేయకండి. డబ్బా మీద బ్రాడ్ స్పెక్ట్రమ్ అని ఉందా లేదా చూడండి, అంటే ఎ రకాన్నీ ఆపుతుందని. చిట్టికి వాసన కలపనిది, జింక్ ఆక్సైడ్ ఉన్నది తెమ్మని అమ్మకు చెప్పు. మోచేతి లోపలి వైపు నాలుగు రోజులు రాసి చూశాకే మొహానికి. అందరూ చేసే తప్పు గోరంత రాయడం. చూపుడు వేలు, మధ్య వేలు పొడుగునా పిండితే ఎంతవుతుందో అంత కావాలి, మొహానికీ మెడకూ. బయటికెళ్ళే 20 నిమిషాల ముందు ఒకసారి, ఆ తర్వాత రెండు గంటలకోసారి. చెమట తుడిచినా, నీళ్ళలో దిగినా మళ్ళీ.

ఇంకో చిత్రం. ఎండలో కూర్చుని నిమ్మకాయలు పిండితే, రసం పడినచోట చర్మం కాలి, నల్లటి మచ్చలు వారాల తరబడి ఉండిపోతాయి. పానకం వంటింట్లోనే కలుపుదాం. మొటిమలకని ఇచ్చే డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు వేసుకుంటున్నప్పుడు కూడా ఎండ ఎక్కువ కాలుస్తుంది. చిట్టీ, నువ్వు వాడే మందుల చీటీ తీసుకురా.

నానీ, "నేను నల్లగా ఉన్నాను, నాకేం కాదు" అన్నావట. నల్ల చర్మానికి రక్షణ కొంత ఎక్కువే, పూర్తిగా మాత్రం కాదు. నల్లబడతారని కాదు నేను ఇదంతా రాసేది. ఆ మాట ఎవరన్నా నాకు కోపం. నువ్వు మిట్టమధ్యాహ్నం బంతి తీసుకొని పోతే నా భయం వడదెబ్బ గురించి. తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా ఆట ఆపి నీడకు రా. మాట తడబడుతోందంటే మాత్రం మజ్జిగ తాగిస్తూ కూర్చోను, ఒళ్ళు తడిపి నేరుగా ఆసుపత్రికే.

మీ రైలు ఎన్నింటికో రాయండి. మధ్యాహ్నమైతే తాత నల్ల గొడుగు పట్టుకొని నేనే స్టేషనుకు వస్తాను.

మీ అవ్వ