పాత కారుకు ఆయిల్ ప్రెషర్ గేజ్: అపోహలు - వాస్తవాలు

ఇంజన్‌లో ఆయిల్ ఎంత ఒత్తిడితో తిరుగుతోందో ముల్లుతో చూపించే మీటరే ఆయిల్ ప్రెషర్ గేజ్. అంబాసిడర్‌కైనా, పద్మినికైనా దాన్ని బిగించడం ఒక పూట పని. కానీ తప్పు థ్రెడ్ (మర) ఎక్కిస్తే ఇంజన్ బ్లాకు పోతుంది. పైపు తప్పు దారిలో లాగితే కాళ్ల మీద కాగిన ఆయిల్ కారుతుంది. ఇక బిగించాక ముల్లు చూపించేదాన్ని తప్పుగా చదివి, బాగున్న ఇంజన్‌ని విప్పించేవాళ్లూ ఉన్నారు. ఇక్కడి వివరాలు ప్రధానంగా అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌వి. ఇది బీఎంసీ బీ-సిరీస్ కుటుంబం, ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఇదే. తర్వాత అంబాసిడర్‌కు వచ్చిన ఇసుజు 1.8 వేరే ఇంజన్. పద్మిని 1089 సీసీకి సూత్రాలు ఇవే కానీ బిగించే చోటు, థ్రెడ్ వేరు.

అపోహ: డాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ లాంపు వెలగట్లేదంటే ప్రెషర్ బాగున్నట్టే.

వాస్తవం: లాంపుకు ఉంది, లేదు అనే రెండు మాటలే తెలుసు. దాన్ని నడిపే స్విచ్ సాధారణంగా 4 నుంచి 7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మధ్యే ఆఫ్ అయిపోతుంది. రోడ్డు మీద 50 ఉండాల్సిన చోట 12 మాత్రమే ఉన్నా లాంపు వెలగదు, బేరింగులు మాత్రం అరుగుతూనే ఉంటాయి. 50కీ 7కీ మధ్య ఏం జరుగుతోందో చెప్పేది గేజ్ ఒక్కటే.

అపోహ: గేజ్ పెట్టాక లాంపు తీసేయొచ్చు, బ్లాకులో దాని స్విచ్ ఉన్న రంధ్రమే గేజ్‌కు వాడుకోవచ్చు.

వాస్తవం: హైవే మీద లారీని దాటుతూ గేజ్ వైపు ఎవరూ చూడరు. కంటికి కొట్టేది లాంపే. రెండూ ఉంటే ఇంకో లాభం: ముల్లు సున్నాకు పడిపోయి లాంపు వెలగకపోతే లోపం గేజ్‌లోనో దాని లైన్‌లోనో ఉందని అనుమానించొచ్చు. లైన్ తెగి ఆయిల్ కారుతున్నా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి ఆపి బానెట్ ఎత్తి చూడాల్సిందే. ముల్లు పడి లాంపు కూడా వెలిగితే పక్కకు తీసేదాకా కూడా ఆగకుండా ఇంజన్ ఆపేయాలి. అందుకే బ్లాకుకు ఇత్తడి టీ జాయింట్ వేసి ఒక కొమ్మకు పాత స్విచ్, రెండో కొమ్మకు గేజ్ లైన్ ఇవ్వడం సరైన పద్ధతి.

ఒక జాగ్రత్త. ఎలక్ట్రికల్ గేజ్ సెండర్ (ప్రెషర్‌ని కొలిచి వైరు ద్వారా గేజ్‌కు పంపే భాగం) డబ్బాలా లావుగా, బరువుగా ఉంటుంది. దాన్ని నేరుగా టీ చివర వేలాడదీస్తే ఇంజన్ వణుకుకు టీ మెడ దగ్గర పగులుతుంది. పగిలిన చోటు నుంచి ఆయిల్ ప్రెషర్‌తో చిమ్ముతుంది. చిన్న ఫ్లెక్సిబుల్ హోస్ వేసి, సెండర్‌ని బాడీ మీద క్లాంపుతో బిగించాలి. అప్పుడు సెండర్‌కు ఇంజన్ నుంచి ఎర్త్ అందదు కాబట్టి దాని ఒంటి నుంచి విడిగా ఒక ఎర్త్ వైరు ఇవ్వాలి.

అపోహ: ఒకటి బై ఎనిమిది నిప్పిల్ (రంధ్రంలో బిగించే మర ముక్క) అంటే ఒకటే, షాపులో ఏది ఇచ్చినా పడుతుంది.

వాస్తవం: ఈ పనిలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పాత కార్లలో ఎదురయ్యే మూడు థ్రెడ్లు పక్కపక్కన పెట్టినా కంటికి ఒకేలా ఉంటాయి. 1/8 బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు థ్రెడ్): బయటి వ్యాసం 9.73 మిల్లీమీటర్లు, అంగుళానికి 28 చుట్లు. 1/8 ఎన్‌పీటీ (అమెరికా పైపు థ్రెడ్): అంగుళానికి 27 చుట్లు, చివర నుంచి పైకి వెళ్లేకొద్దీ లావయ్యే టేపర్. ఎం10×1 (మెట్రిక్): వ్యాసం 10 మిల్లీమీటర్లు, పిచ్ 1 మిల్లీమీటరు. మార్కెట్లో దొరికే గేజ్ కిట్లలో చాలావాటికి ఎన్‌పీటీ నిప్పిల్ వస్తుంది. దాన్ని బీఎస్‌పీ రంధ్రంలో పెడితే రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది. "పట్టేసింది" అనుకుని స్పానర్ వేసి లాగితే బ్లాకులోని థ్రెడ్ నలుగుతుంది. ఆ రంధ్రం వెనక ఉన్నది మెయిన్ ఆయిల్ గ్యాలరీ, అంటే బేరింగులకు ఆయిల్ వెళ్లే ముఖ్య దారి. అక్కడ ట్యాప్‌తో కొత్తగా థ్రెడ్ కోస్తే లోహపు రజను లోపలికి, అక్కడి నుంచి నేరుగా బేరింగుల్లోకి పోతుంది.

బీ-సిరీస్ కాబట్టి ఫలానా థ్రెడ్డే అని గుడ్డిగా కొనొద్దు. ఇన్ని దశాబ్దాల్లో ఎవరో ఒకరు దాన్ని మార్చి ఉండొచ్చు. ముందు పాత స్విచ్ విప్పి, థ్రెడ్ గేజ్ ఆకులు పెట్టి చుట్లు లెక్కపెట్టండి, వెర్నియర్‌తో వ్యాసం కొలవండి. తర్వాత ఆ స్విచ్‌నే పట్టుకుని షాపుకు వెళ్లండి. సరిపోయే అడాప్టర్ దొరక్కపోతే లేత్ షాపులో ఇత్తడితో చేయించుకోవచ్చు. కొత్తది పెట్టేటప్పుడు చేత్తోనే కనీసం నాలుగు చుట్లు ఎక్కాలి. ఎక్కకపోతే అది ఆ రంధ్రానికి చెందినది కాదు.

అపోహ: లీకు రాకూడదంటే టెఫ్లాన్ టేపు బాగా చుట్టాలి.

వాస్తవం: టేపర్ థ్రెడ్‌కు థ్రెడ్డే సీలు. దానికి ఆయిల్‌ను తట్టుకునే సీలెంట్ పేస్టు పల్చగా, చివరి రెండు చుట్లు వదిలి రాసి, చేత్తో బిగిసిన దగ్గర నుంచి ఒకటి, ఒకటిన్నర చుట్టు తిప్పితే చాలు. సమాంతర థ్రెడ్‌కు సీలు చేసేది కింద ఉండే కాపర్ వాషర్. ఆ వాషర్ మళ్లీ వాడాలంటే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. టేపుతో రెండు తంటాలు. తెగిన పీలిక గ్యాలరీలోకి పోవచ్చు. పైగా సింగిల్ వైరు సెండర్‌కు ఎర్త్ థ్రెడ్ ద్వారానే అందుతుంది, లావుగా టేపు చుడితే ఎర్త్ సరిగా అందక ముల్లు ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది.

అపోహ: మెకానికల్ గేజ్ ప్రమాదం, ఎలక్ట్రికల్‌దే సురక్షితం, కచ్చితం.

వాస్తవం: మెకానికల్ గేజ్‌లో ఉండేది వంచిన సన్న ఇత్తడి గొట్టం. లోపల ప్రెషర్ పెరిగితే అది కాస్త తెరుచుకుని ముల్లును తిప్పుతుంది. కరెంటుతో పని లేదు. 1960ల చివరి దాకా వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో ఉండే పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలపడం) దీన్ని ఏమీ చేయదు. పాత కారుకు నా ఓటు దీనికే.

ప్రమాదం లేదని కాదు. లోపలి రంధ్రం 2 మిల్లీమీటర్లున్న ఒకటిన్నర మీటరు పైపులో పట్టే ఆయిల్ టీ స్పూనుకు మించదు. కానీ పైపు తెగితే వెనక నుంచి పంపు తోస్తూనే ఉంటుంది. వేడి మీద నిమిషానికి పావు లీటరు దాకా పోవచ్చు. కొందరు లైన్ మొదట్లో 1 మిల్లీమీటరు రంధ్రమున్న రెస్ట్రిక్టర్ వేసి ధీమాగా ఉంటారు. అది ముల్లు వణుకును తగ్గిస్తుందే తప్ప తెగిన పైపు నుంచి పోయే ఆయిల్‌ని పెద్దగా ఆపదు. కాపాడేది పైపు లాగిన తీరే.

బీ-సిరీస్‌లో గేజ్ లైన్ తీసే చోటు బ్లాకుకు కుడి వైపు వెనక భాగంలో, డిస్ట్రిబ్యూటర్ ఉన్న వైపు ఉంటుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎడమ వైపు. ఇది మన అదృష్టం: పైపు వేడి వైపు పోనక్కర్లేదు. స్టీరింగ్ కూడా కుడి వైపే కాబట్టి దాని కాలమ్‌కు, పెడళ్లకు తగలకుండా చూసుకుంటే సరి. బ్లాకు నుంచి ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కారు లోపలికీ మధ్య ఉండే రేకు గోడ) దాకా ఫ్లెక్సిబుల్ హోస్, అక్కడి నుంచి లోపలికి సన్న పైపు అనేదే మంచి ఏర్పాటు. ఎంజీ కార్లలో కంపెనీ కూడా అలాగే ఇచ్చింది. హోస్ లేకుండా కాపర్ పైపు నేరుగా లాగితే ఇంజన్ దగ్గర రెండు మూడు రింగులు తిప్పి వదలాలి. లేకపోతే కాపర్ వణుకుకు గట్టిపడి, నట్టు పక్కనే తెగుతుంది.

నైలాన్ పైపు చౌక, పని సులువు. దాన్ని పదునైన బ్లేడుతో అడ్డంగా, నిటారుగా కోయాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే చివర చప్పబడి లీకవుతుంది. ముందు నట్టు, తర్వాత ఫెర్రూల్ (పైపును పట్టి సీలు చేసే చిన్న రింగు) ఎక్కించి, పైపు లోపలికి కిట్‌తో వచ్చే చిన్న ఇత్తడి గొట్టం తోయాలి. చాలామంది ఎందుకులే అని పారేసేది ఆ గొట్టాన్నే. అది లేకపోతే ఫెర్రూల్ నైలాన్‌ని నలిపేస్తుంది, వేడెక్కాక పైపు జారి బయటికి వస్తుంది. నట్టు చేత్తో బిగించాక అర చుట్టు, మహా అయితే ముప్పావు. ఫైర్‌వాల్ రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. వేడి భాగాలకు కనీసం 10 సెంటీమీటర్ల దూరం ఉంచండి.

ఎలక్ట్రికల్‌దే కావాలంటే గేజ్, సెండర్ జతగా కొనండి. యూరప్ పద్ధతి సెండర్ సున్నా ప్రెషర్‌లో 10 ఓమ్స్, పూర్తి ప్రెషర్‌లో 180 ఓమ్స్ ప్రాంతంలో ఉంటుంది. అమెరికా పద్ధతి తిరగేసి: సున్నాలో 240, పూర్తిగా 33. ఒకదాని గేజ్‌కు ఇంకోదాని సెండర్ కలిపితే ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ముల్లు పైకి పోతుంది. పవర్ ఇగ్నిషన్ నుంచి నేరుగా తీసుకోవాలి. పాత మీటర్ల వెనక 10 వోల్టుల స్టెబిలైజర్ ఉంటే దాని నుంచి తీసుకోకూడదు. అది కరెంటును ఆపి ఆపి ఇస్తుంది, కొత్త గేజ్ ముల్లు దానికి తగ్గట్టే ఊగుతుంది.

అపోహ: లైన్‌లో గాలి తీయకపోతే తప్పు చూపిస్తుంది.

వాస్తవం: ఇది బ్రేకు కాదు. గాలి కూడా అదే ప్రెషర్‌ని అందిస్తుంది, ముల్లు కాస్త నెమ్మదిగా కదులుతుంది, అంతే.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం కాయిల్ వైరు తీసి, ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టండి. ఒక్కో విడత పది సెకన్లకు మించొద్దు. తర్వాత వైరు పెట్టి, కారు కదలకుండా ఇంజన్‌ని స్లోలో (ఐడ్లింగ్‌లో) నడుపుతూ ప్రతి జాయింట్‌ని పొడి గుడ్డతో తుడిచి చూడండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక మళ్లీ ఒకసారి. చల్లగా ఉన్నప్పుడు కనపడని చెమ్మ అప్పుడు బయటపడుతుంది.

అపోహ: ప్రెషర్ ఎంత ఎక్కువుంటే ఇంజన్‌కు అంత మంచిది.

వాస్తవం: పొద్దున్నే స్టార్ట్ చేయగానే 60, 70 చూపించి మురిపిస్తుంది. అది చిక్కటి చల్లని ఆయిల్ దారిలో ఇరుక్కోవడం వల్ల వచ్చే అంకె. నమ్మాల్సింది అరగంట నడిపాక కనిపించేది. బాగున్న బీ-సిరీస్ వేడి మీద స్లోలో 15 పీఎస్ఐ అటూఇటూ, రోడ్డు మీద 40 నుంచి 60 మధ్య చూపిస్తుంది. మన ఎండలకు 20డబ్ల్యూ-50 సరిపోతుంది. అంకె పెంచడానికి ఇంకా చిక్కటిది పోస్తే ముల్లు లేస్తుంది కానీ బేరింగులకు అందే ఆయిల్ తగ్గుతుంది.

స్లోలో ప్రెషర్ తక్కువుందని రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ కింద వాషర్లు వేసే అలవాటు ఒకటుంది. ఈ ఇంజన్‌లో ఆ వాల్వ్ ఎడమ వైపు వెనక, గుండ్రటి తల నట్టు కింద ఉంటుంది. ప్రెషర్ హద్దు దాటితే తెరుచుకుని అదనపు ఆయిల్‌ని సంప్‌కు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి) వదలడం దాని పని. స్లోలో అది ఎలాగూ మూసుకునే ఉంటుంది. మూసి ఉన్నదాన్ని ఇంకా గట్టిగా మూస్తే స్లో ప్రెషర్ ఎలా పెరుగుతుంది? పెరిగేది చల్లటి ఇంజన్‌లో పై అంకె మాత్రమే, దాంతో పంపుకు, దాన్ని తిప్పే పళ్లకు భారం. నట్టు విప్పి వాల్వ్ కూర్చునే చోట చెత్త ఇరుక్కుందేమో చూడటం వేరే సంగతి, అది చేయదగ్గ పనే.

అపోహ: ప్రెషర్ తక్కువుంటే పంపు పోయినట్టే.

వాస్తవం: పంపు చివర అనుమానించాల్సినవాటిలో ఒకటి. ముందు డిప్‌స్టిక్ తీసి లెవెల్ చూడండి, అలాగే వాసన చూడండి. బ్లాకుకు బిగించే మెకానికల్ పెట్రోల్ పంపు ఉన్న కార్లలో దాని లోపలి పొర (డయాఫ్రమ్) చిరిగితే పెట్రోల్ సంప్‌లోకి కారుతుంది. లెవెల్ పెరిగి, పెట్రోల్ వాసన వచ్చి ప్రెషర్ తగ్గిందంటే దాన్నే అనుమానించాలి. తర్వాత ఆయిల్ గ్రేడు, వయసు. ఆ తర్వాత రిలీఫ్ వాల్వ్. ఇవన్నీ బాగుండి, వేడి మీద స్లోలోనూ రోడ్డు మీదా రెండుచోట్లా తక్కువుంటే క్రాంక్‌షాఫ్ట్‌ని మోసే మెయిన్ బేరింగులు, కనెక్టింగ్ రాడ్ల బిగ్ ఎండ్ బేరింగుల అరుగుదల గురించి ఆలోచించాలి. పంపు కూడా అప్పుడే చూడాలి.

అపోహ: కొత్త గేజ్ కాబట్టి చూపించిందే నిజం.

వాస్తవం: డబ్బాలోంచి తీసిన గేజ్ 5, 10 పీఎస్ఐ తేడా చూపించడం మామూలే. బిగించే ముందే రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్ దగ్గర 20, 40, 60 దగ్గర పోల్చి చూడండి. మన మెకానిక్‌లు కేజీల్లో చెబుతారు: 1 కేజీ (చదరపు సెంటీమీటరుకు) అంటే 14.2 పీఎస్ఐ, 1 బార్ అంటే 14.5. గేజ్ 0-100 పీఎస్ఐది, అంటే 0-7 కేజీలది తీసుకుంటే ముల్లు మధ్యలో ఆడుతుంది, చదవడం తేలిక. తేడా ఎంతుందో తెలిశాక దాన్ని చీటీ మీద రాసి గేజ్ వెనక అంటించండి. చీటీ మీదే వేడి మీద స్లోలో ఎంత, 60 కిలోమీటర్ల వేగంలో ఎంత, ఏ ఆయిల్ అని కూడా రాస్తే, వచ్చే ఏడాది ముల్లు పది అంకెలు కిందికి వచ్చినప్పుడు మెకానిక్‌కు చూపించడానికి పనికొస్తుంది.