పాత మచ్చలు, కొత్త నీళ్లు: ఫ్లోరోసిస్ లెక్కలపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు బడుల్లో పిల్లల పళ్లు చూడటానికి వెళ్తే గేటు దగ్గర తల్లులు ఆపి అడిగేది ఒకటే. "సార్, మేం మిషన్ భగీరథ నల్లా నీళ్లే తాగుతున్నం గద, మా బిడ్డ పండ్లకు ఈ మచ్చలెందుకున్నయ్? గీ నీళ్లల్ల గూడ ఫ్లోరైడ్ ఉన్నదా?" నీళ్లలో ఫ్లోరైడ్ మోతాదు మించితే పళ్లకు మచ్చలు పడి, ఎముకలు వంగే రోగం ఫ్లోరోసిస్. దాని మీద సర్వే అంకె ఒకటి బయటికి రాగానే వాట్సాప్‌లో "నల్లగొండలో మళ్లీ ఫ్లోరోసిస్" అని తిప్పేస్తారు. అది నమ్మి నల్లా నీళ్లు గిన్నెలు తోమడానికి వాడుకుంటూ, తాగడానికి మళ్లీ బోరు దగ్గరికి పోయిన ఇళ్లున్నాయి. ఈ ఒక్క అపోహ వల్ల జరిగే నష్టం మిగతావన్నీ కలిపినా జరగదు.

అపోహ: సర్వేలో కేసులు ఎక్కువ కనిపిస్తే రోగం ఇప్పుడు పెరుగుతున్నట్టే.

వాస్తవం: సర్వే చూపేది ప్రివలెన్స్, అంటే పాతా కొత్తా కలిపి ఈరోజు రోగం ఉన్నవాళ్లందరి లెక్క. చెరువుతో పోలిస్తే అది అందులో ఉన్న నిల్వ. కొత్తగా వచ్చి చేరే వరద ఇన్సిడెన్స్, అంటే కొత్తగా రోగం వచ్చినవాళ్ల లెక్క. ఫ్లోరోసిస్ చెరువుకు తూము లేదు. వంగిన ఎముక నిటారు కాదు, పంటి పైపొర ఎనామిల్‌లో పడిన మచ్చ తనంతట తాను పోదు. వరద పూర్తిగా ఆగినా నిల్వ ఏళ్ల తరబడి అలాగే కనిపిస్తుంది.

పళ్ల విషయంలో ఇది ఇంకా సూటిగా ఉంటుంది. శాశ్వత ముందు పళ్ల ఎనామిల్ పుట్టిన కొన్ని నెలలకే తయారవడం మొదలై నాలుగైదేళ్లకు పూర్తవుతుంది. ఆ పన్ను బయటికి వచ్చేది ఆరేడేళ్లు దాటాక. కాబట్టి పదకొండేళ్ల పాప ముందు పళ్లు చెప్పేది ఆమె పసితనంలో తాగిన నీళ్ల సంగతి, ఈ ఉదయం తాగిన నీళ్ల సంగతి కాదు.

చండూరు దగ్గర ఒక ఇంట్లో ఎంత చెప్పినా ఆ తల్లికి నమ్మకం కుదరలేదు. ఆమె పిల్లలిద్దరినీ గడప బయట ఎండలో నిలబెట్టి, దూదితో పళ్లు తుడిచి చూపించాను. అక్క పై పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చార, కుడి ఎడమల రెండు వైపులా ఒకేలా. రెండో తరగతి తమ్ముడికి అప్పుడే వచ్చిన పళ్లు తెల్లగా ఉన్నాయి. ఇల్లు ఒకటే, తల్లిదండ్రులు ఒకటే. అక్క పసితనంలో ఆ ఇంట్లో బోరు నీళ్లు, తమ్ముడి నాటికి భగీరథ నల్లాలో కృష్ణా నీళ్లు. ఆ తల్లి నల్లా బిందెను తిరిగి వంటింట్లో పెట్టుకుంది.

రోగం పెరుగుతోందా తగ్గుతోందా తెలియాలంటే ఈ ఏడాది ఏడేళ్ల పిల్లలను ఐదేళ్ల కిందటి ఏడేళ్ల పిల్లలతో పోల్చాలి. అన్ని వయసులనూ కలిపేసి ఒక్క శాతం చెబితే దానితో ఏమీ తేలదు. ఇప్పుడు ఒంట్లోకి ఎంత ఫ్లోరైడ్ పోతోందో తెలియాలంటే మూత్ర పరీక్ష, నీటి పరీక్ష ఉన్నాయి. నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇంట్లో నల్లా నీళ్లు తాగి, పొలంలో పొద్దంతా మోటారు కాడ బోరు నీళ్లు తాగే కూలీలకు మాత్రం ముప్పు ఇంకా తీరలేదు.

అపోహ: ఒకే ఇంట్లో నలుగురికి ఉందంటే వంశపారంపర్యం.

వాస్తవం: కాదు. అంటురోగమూ కాదు. ఆ నలుగురూ తాగింది ఒకే బోరు నీళ్లు. "ఆ ఊరి పిల్ల" అని సంబంధాలు తప్పించేవాళ్లను చూస్తే కోపం వస్తుంది. మచ్చల పళ్లున్న ఆ అమ్మాయికి పుట్టే బిడ్డ మంచి నీళ్లు తాగితే బిడ్డ పళ్లు మంచిగానే ఉంటాయి.

అపోహ: పళ్లు పచ్చగా ఉంటే ఫ్లోరోసిసే.

వాస్తవం: గుట్కా మరక, పాచి గీకితే పోతాయి. ఫ్లోరోసిస్ గీకినా పోదు, రెండు వైపులా జంటగా ఉంటుంది. తేడా తెలియనివాళ్లు లెక్కిస్తే అంకె ఊరికే ఉబ్బుతుంది.

అపోహ: జిల్లాలో కేసులు అప్పటికీ ఇప్పటికీ సగమయ్యాయి.

వాస్తవం: ముందు ఏ జిల్లా అని అడగండి. 2016 అక్టోబరులో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ కూడా ముక్కలైంది, 2019లో నారాయణపేట సైతం వేరుపడింది. జనాభా తగ్గిన జిల్లాలో కేసులు తగ్గడం వింత కాదు. వెయ్యి మందికి ఎందరు అని చెప్పనిదే పోలిక చెల్లదు.

అపోహ: షుగర్ రోగుల సంఖ్య పెరిగిందంటే మందులు పనిచేయట్లేదు.

వాస్తవం: ఇదీ చెరువు నిల్వ లెక్కే. మందులు వాడి ఎక్కువ కాలం బతికితే కూడా ఆ సంఖ్య పెరుగుతుంది. క్యాంపు అంకెలు అయితే అసలే పనికిరావు. క్యాంపుకు వచ్చేది ఒంట్లో బాగాలేనివాళ్లే కదా.

ఇంటింటి సర్వేకూ ఒక చిక్కుంది. పాలమూరు పల్లెల్లో పగలు వెళ్తే సగం ఇళ్లకు తాళాలు. పడుచువాళ్లు వలస పోయారు, మిగిలినవాళ్లు కూలికి పోయారు, ఇంట్లో దొరికేది ముసలివాళ్లు. వాళ్లనే లెక్కిస్తే ఊరంతా కీళ్ల నొప్పులే అని తేలుతుంది. అందుకే తాళం ఉన్న ఇంటిని రిజిస్టర్‌లో రాసుకుని, పొద్దుగూకాక ఒకసారి, పండుగకు జనం ఊరొచ్చినప్పుడు ఇంకోసారి వస్తాం. అప్పుడు విసుక్కోకుండా పది నిమిషాలు కూర్చోండి.