టోపీ మీది ఈక నుంచి ఫోన్‌లోని వీడియో దాకా

1858లో ఆల్‌ఫ్రెడ్ న్యూటన్, జాన్ వూలీ అనే ఇద్దరు ఇంగ్లిష్ పక్షి పరిశోధకులు ఐస్‌లాండ్ వెళ్లారు. గ్రేట్ ఆక్ అనే పెద్ద సముద్రపు పక్షిని కళ్లారా చూడాలని వాళ్ల కోరిక. అది ఎగరలేని పక్షి. చూడ్డానికి పెంగ్విన్‌లా ఉండేది. ఉత్తర అట్లాంటిక్ దీవుల్లో ఒకప్పుడు గుంపులు గుంపులుగా ఉండేది. మాంసం కోసం, నూనె కోసం, పరుపుల్లోకి ఈకల కోసం జనం దాన్ని చంపుకుంటూ పోయారు. ఎల్డే అనే రాతి దీవి మీద ఇంకా కొన్ని మిగిలి ఉంటాయేమోనన్న ఆశతో వీళ్లు బయల్దేరారు. తీరంలో రెండు నెలలు కాచుకు కూర్చున్నారు. వాతావరణం అనుకూలించలేదు, దీవి మీద కాలు పెట్టలేకపోయారు.

ఆ రెండు నెలలూ అక్కడి జాలర్లను పలకరించి, ఆ పక్షిని చివరిసారి ఎప్పుడు చూశారో అడిగి రాసుకున్నారు. అలా అసలు సంగతి తెలిసింది. 1844 జూన్‌లో ముగ్గురు ఆ దీవి ఎక్కారు. ఒకే ఒక జంట కనిపించింది. రెండింటినీ పట్టుకుని గొంతు నులిమారు. గుడ్డు చిట్లి ఉండటంతో అక్కడే పారేశారు. పక్షులు తెచ్చిపెడితే డబ్బిస్తానని ముందే ఒక వ్యాపారి చెప్పి ఉన్నాడు. ఎందుకంటే పక్షి అరుదయ్యే కొద్దీ మ్యూజియంలూ, సేకరించి దాచుకునే ధనికులూ ఎక్కువ ధర ఇవ్వడానికి సిద్ధపడ్డారు. గుడ్డు పెట్టిన గ్రేట్ ఆక్ జంట ఆ తర్వాత మరెవరి కంటా పడలేదు.

అంతరించిన జంతువు అంటే అప్పటి చదువుకున్నవాళ్లకు ఎముకలుగా దొరికే మామత్ (పాతకాలపు పెద్ద ఏనుగు) లాంటివే గుర్తొచ్చేవి. న్యూటన్‌కు మాత్రం చంపినవాళ్ల మాటల్లోనే ఒక జాతి ముగింపు దొరికింది. ఎవరు చంపారో, ఎవరు కొన్నారో తెలిసిందంటే మధ్యలో ఎక్కడో ఒకచోట దాన్ని ఆపగలిగి ఉండేవాళ్లమని కూడా తెలిసినట్టే. గుడ్లు పెట్టే కాలంలో సముద్రపు పక్షులను కాల్చడం ఆపాలని ఆయన 1868లో ఒక పెద్ద సభలో గట్టిగా మాట్లాడారు. మరుసటి ఏడాదే బ్రిటన్‌లో వాటి రక్షణకు చట్టం వచ్చింది.

ఆ చట్టం సముద్రపు పక్షులకే. అదే కాలంలో ఆడవాళ్ల టోపీల మీద ఈకలు పెట్టుకోవడం పెద్ద ఫ్యాషన్ అయింది. గూడు కట్టే కాలంలో మాత్రమే తెల్లకొంగల వీపు మీద సన్నటి, మెత్తటి ఈకలు వస్తాయి. కాబట్టి వేటగాళ్లు సరిగ్గా ఆ రోజుల్లోనే గూళ్ల దగ్గరకు వెళ్లేవాళ్లు. తల్లిదండ్రులను కాల్చి ఈకలు పీక్కుని వెళ్లిపోతే, గూళ్లలో పిల్లలు ఆకలితో అరిచి అరిచి చచ్చిపోయేవి. ఒక టోపీ వెనక ఒక గూడు మొత్తం పోయేది. షాపులో కొనేవాళ్లకు ఆ గూడు కనబడదు కదా.

దాన్ని కనబడేలా చేసింది ఆడవాళ్లే. 1889లో ఎమిలీ విలియమ్సన్ మాంచెస్టర్ దగ్గరున్న తన ఇంట్లో ఒక చిన్న సంఘం పెట్టారు. అదే ఏడాది లండన్ దగ్గరి క్రోయిడన్‌లో ఎలైజా ఫిలిప్స్, ఎట్టా లెమన్ తదితరులు ఇంకో బృందంగా కలిశారు. ఇలా చంపిన పక్షుల ఈకలు పెట్టుకోను అని మాట ఇవ్వాలి, అంతే షరతు. రెండు సంఘాలూ కలిసి పెరిగి బ్రిటన్‌లో పక్షులను కాపాడే ఈనాటి పెద్ద సంస్థ ఆర్‌ఎస్‌పీబీ అయ్యాయి. 1896లో అమెరికాలోని బోస్టన్‌లో హ్యారియట్ హెమెన్‌వే, మిన్నా హాల్ ఇదే పనిని మరోలా చేశారు. ఊళ్లోని ధనిక కుటుంబాల మహిళలను టీకి పిలిచి, ఈకల టోపీలు మానేయమని ఒక్కొక్కరికీ నచ్చజెప్పారు. అలా సుమారు తొమ్మిది వందల మందిని ఒప్పించారు. బ్రిటన్‌లో ఈకల దిగుమతిని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1921లో. మొదటి సంఘం పెట్టిన 32 ఏళ్లకు! ఎమిలీకి అప్పటికి ఓటు హక్కు వచ్చి మూడేళ్లు. ఇన్నేళ్లు పట్టుదలగా నిలబడ్డ వీళ్ల పేర్లు మనకు ఇంత తక్కువగా తెలియడం నాకు బాధగా ఉంటుంది.

అదే రోజుల్లో మొదలైన ఇంకో అలవాటు పక్షులను లెక్కపెట్టడం. అంతకు ముందు అమెరికాలో క్రిస్మస్ నాడు రెండు జట్లుగా విడిపోయి, ఎవరు ఎక్కువ పక్షులను, జంతువులను కాలిస్తే వాళ్లు గెలిచినట్టుగా పోటీ పెట్టుకునేవాళ్లు. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త, కాల్చడానికి బదులు లెక్కపెడదాం రమ్మన్నారు. మొదటి ఏడాది 27 మంది వచ్చారు. ఈ లెక్కింపు ఇప్పటికీ ఏటా జరుగుతోంది, వేలాదిమంది పాల్గొంటున్నారు. ఏ పక్షి తగ్గుతోందో ముందే పసిగట్టడానికి ఇలాంటి లెక్కలే ఆధారం. దీనికి డిగ్రీ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. ఉత్తర అమెరికాలో ఉండే ప్యాసింజర్ పావురానికి అలాంటి లెక్క ఎవరూ కట్టలేదు. ఆకాశాన్ని కప్పేసేంత గుంపులుగా, వందల కోట్లలో ఉండేది కాబట్టి తరిగిపోతుందని ఎవరికీ అనిపించలేదు. వాటిలో చివరిదైన మార్తా 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో చనిపోయింది.

ఆ తర్వాత పని అంతర్జాతీయ స్థాయికి వెళ్లింది. 1948లో ప్రకృతి పరిరక్షణకు ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది, 1964లో ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే దాని రెడ్ లిస్ట్ మొదలైంది. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందం 1973 మార్చి 3న కుదిరి, 1975లో అమల్లోకి వచ్చింది. ఇవన్నీ అవసరమే. కానీ ఒమన్‌లో అరేబియన్ ఒరిక్స్ అనే ఎడారి జింక సంగతి చూడండి. స్వేచ్ఛగా తిరిగేవాటిలో చివరిది 1972లో వేటకు బలైంది. జూలలో పెంచిన వాటిని 1982లో తిరిగి ఎడారిలో వదిలారు. మంద నిలదొక్కుకుంది అనుకునేసరికి, 1990ల్లో కొనేవాళ్ల కోసం మళ్లీ పట్టుకుపోయారు. అభయారణ్యం ఉన్నా, చట్టం ఉన్నా, కొనే చెయ్యి ఆగలేదు. ఇతర దేశాల్లో కూడా వదలడం వల్లే ఆ జాతి ఇవాళ బతికుంది.

ఇక బ్లాక్ రాబిన్ గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. న్యూజిలాండ్‌కు తూర్పున చాతం దీవుల్లో ఉండే చిన్న నల్ల పిట్ట ఇది. 1980 నాటికి ప్రపంచం మొత్తంలో ఐదే మిగిలాయి. వాటిలో పిల్లలను ఇవ్వగలిగిన ఆడది ఒక్కటే. కాలికి కట్టిన రింగు రంగును బట్టి దాన్ని ఓల్డ్ బ్లూ అనేవాళ్లు. అప్పటికే ముసలిది. డాన్ మెర్టన్ బృందం ఒక సాహసం చేసింది. గూట్లోంచి గుడ్లు తీసేస్తే తల్లి మళ్లీ పెడుతుంది. తీసిన గుడ్లను టామ్‌టిట్ అనే వేరే పిట్టల గూళ్లలో పెట్టి పొదిగించారు. ఒక్క గుడ్డు జారినా ఒక జాతిలో పెద్ద వాటా పోయినట్టే, ఆ టెన్షన్ ఊహించుకోండి. ఈ రోజు ఉన్న రెండు వందలకు పైగా పిట్టలన్నీ ఓల్డ్ బ్లూ సంతానమే.

కొన్ని ఆడపిట్టలు గుడ్డును గూడు అంచు మీద పెట్టేవి. అలా పెట్టిన గుడ్డులోంచి పిల్ల రాదు. జాలిపడి మనుషులు దాన్ని లోపలికి జరిపేవాళ్లు. ఆ గుణం పిల్లలకూ వస్తుందని తర్వాత అర్థమైంది. 1980ల చివరికి దాదాపు సగం ఆడపిట్టలు అంచు మీదే గుడ్లు పెట్టడం మొదలెట్టాయి. మనుషులు జరపడం మానేశాక ఆ అలవాటు క్రమంగా తగ్గింది. సాయం ఎప్పుడు చేయాలో తెలిసినవాళ్లే, ఎప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలో కూడా నేర్చుకోవాల్సి వచ్చింది.

వేట ఏమీ లేకుండా కూడా జాతులు కూలిపోతాయి. దక్షిణాసియాలో తెల్లవీపు రాబందులు 1990ల నుంచి పదిహేనేళ్లలో 99 శాతానికి పైగా పోయాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి ఒంట్లోకి చేరి కిడ్నీలను పాడుచేసేది. 2004లో ఆ కారణం స్పష్టమైంది. 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ పశువైద్యంలో దాన్ని నిషేధించాయి. రాబందులకు హాని చేయని మెలోక్సికామ్ అందుబాటులో ఉంది. అయినా ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టే పక్షి కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది. ఈలోగా పశువు పెంచుకునే ప్రతి మనిషీ, మందు రాసే ప్రతి డాక్టరూ ఏ సీసా ఎంచుకుంటారన్నది వాటికి ప్రాణం మీది సంగతి.

రెడ్ లిస్ట్‌లో ముప్పు అంచున ఉన్న జాతులు ఇప్పుడు 40 వేలు దాటాయి. ఈకల టోపీలు పోయినా, వాటి చోటులోకి ఇంకోటి వచ్చింది. స్లో లోరిస్ అనే చిన్న ప్రాణి చేతులు పైకెత్తి చక్కిలిగింతలు పెట్టించుకుంటున్నట్టున్న వీడియోలను కోట్లమంది ముచ్చటపడి చూశారు. నిజానికి అది భయపడితే అలా చేతులెత్తుతుంది. మోచేతి దగ్గరున్న గ్రంథిలోని స్రావాన్ని ఉమ్మితో కలిపి విషంగా వాడుకోవడానికి సిద్ధపడటం అది. అది కరవకుండా ఉండాలని అమ్మేవాళ్లు దాని పళ్లు కత్తిరించేస్తారు. అంతర్జాతీయ వ్యాపారం 2007 నుంచి నిషిద్ధమే, కానీ వీడియో చూసినవాళ్లు కొందరు నాకూ ఒకటి కావాలంటారు, ఎక్కడో అడవిలో ఒకడు చెట్టెక్కుతాడు. పళ్లు పోయిన లోరిస్‌ను పట్టుకుని కాపాడినా, తిరిగి అడవిలో వదలడం చాలాసార్లు కుదరదు. అలాంటి వీడియో కనిపిస్తే కోపంగా కామెంట్ పెట్టినా అది ఇంకా పదిమందికి చేరుతుంది. షేర్ చేయకుండా, రిపోర్ట్ నొక్కి ముందుకెళ్లండి.