మందు "పడలేదు" అంటే లోపల ఏం జరిగినట్టు?

"నాకు పెన్సిలిన్ పడదు" అని చాలామంది అంటుంటారు. వాంతి అయినా పడలేదంటాం, విరేచనాలైనా పడలేదంటాం, మందు వేసుకున్న గంటలోపే ఒళ్లంతా దద్దుర్లు తేలి, పెదాలు వాచి, ఊపిరాడక గిలగిలలాడినా అదే మాట. ప్రాణం మీదికి తెచ్చేది ఈ చివరిదే.

నిజానికి పెన్సిలిన్ అణువు మన రోగనిరోధక వ్యవస్థ కంటికి ఆనేంత పెద్దది కాదు. కానీ దాని మధ్యలో బీటా-లాక్టమ్ అనే నాలుగు పరమాణువుల రింగు ఉంది, బలవంతాన వంచి కట్టిన బద్దలాగా ఎప్పుడు విడిపోదామా అని చూస్తుంటుంది. బాక్టీరియా గోడ కట్టే ఎంజైము దొరికితే రింగు తెరుచుకుని దానికి అతుక్కుంటుంది, బాక్టీరియా చస్తుంది. చిక్కేమిటంటే అదే రింగు మన రక్తంలోని అల్బుమిన్ లాంటి ప్రోటీన్లకూ అతుక్కుంటుంది. అంటే మందు పనిచేయడానికీ, అలర్జీ తేవడానికీ కారణం ఒక్కటే! మందు తగులుకున్న ఆ ప్రోటీన్‌ను కొందరి ఒళ్లు పరాయిదనుకుని, దాన్ని గుర్తుపట్టి పట్టుకునే ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేస్తుంది. అవి పోయి చర్మంలో, శ్వాసనాళాల్లో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాల మీద కూర్చుంటాయి. అప్పటికి పైకి ఏమీ తెలియదు. తర్వాతెప్పుడో మళ్లీ ఆ మందు లోపలికి వెళ్లి, పక్కపక్కనున్న ఐజీఈలను కలిపి పట్టుకుందంటే ఆ మాస్ట్ కణం హిస్టమిన్ అనే అలర్జీ రసాయనం దాచుకున్న తన సంచులన్నీ నిమిషాల్లో ఖాళీ చేసేస్తుంది. రక్తనాళాలు వదులై నీరు బయటికి కారుతుంది, బీపీ పడిపోతుంది, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. అప్పుడు కావలసింది తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్, అలర్జీ మాత్ర వేసి చూద్దాంలే అనుకునే టైమ్ కాదది.

వాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ సంగతి వేరు. డ్రిప్ గబగబా ఎక్కిస్తే ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడి దురద మొదలవుతుంది, అదీ మొదటి డోసుకే. ఇక్కడ యాంటీబాడీలతో పనిలేదు. మాస్ట్ కణం మీద ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అనే ఇంకో గ్రాహకం (సంకేతం అందుకునే ప్రోటీన్) ఉంది, మందు నేరుగా దాన్నే తట్టి హిస్టమిన్ వదిలిస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ కూడా ఈ దారిలో పోగలవని 2015లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో బయటపడింది. వాంకోమైసిన్ విషయంలో వేగమే ముఖ్యం కాబట్టి, ఒక గ్రాము మందును కనీసం 60 నిమిషాలు పట్టేలా ఎక్కిస్తే చాలామందికి ఇబ్బంది ఉండదు. ఐజీఈ అలర్జీకి ఈ ఉపాయం పారదు, చిటికెడు మందుకే రెచ్చిపోవచ్చు.

పెన్సిలిన్ పడనివాళ్లకు, అదే బీటా-లాక్టమ్ రింగు ఉన్న సెఫలోస్పోరిన్ జాతి యాంటీబయాటిక్స్ అన్నీ పడవనుకోవడం కూడా పాత లెక్కే. ఎక్కువగా పోలిక చూడాల్సింది రింగుకు వేలాడే పక్క గొలుసులో. పెన్సిలిన్ జాతి అమాక్సిసిలిన్‌కూ సెఫలోస్పోరిన్ జాతి సెఫడ్రాక్సిల్‌కూ అది ఒకటే, మరో సెఫలోస్పోరిన్ అయిన సెఫజోలిన్‌ది దేనితోనూ కలవదు.

పైగా ఐజీఈ కాలంతో తగ్గిపోతుంది. పదేళ్లు గడిచాక సుమారు 80% మందిలో పెన్సిలిన్ అలర్జీ మిగలదు. చిన్నప్పుడెప్పుడో ఫైల్లో రాసిన "అలర్జీ" అనే ముక్క మాత్రం అలాగే ఉంటుంది. చర్మ పరీక్ష చేసి, ఆపైన డాక్టర్ల కళ్లముందు కొద్ది డోసు ఇచ్చి చూస్తే చాలామందికి ఆ ముక్క కొట్టేయొచ్చు, కాకపోతే అది ఇంట్లో వేసుకుని చూసుకునే పరీక్ష కాదు.