లూపస్: రిపోర్టులో ఉన్నదొకటి, మనం అనుకునేదొకటి (అపోహలు - వాస్తవాలు)

నేను డాక్టర్ని కాదు. లూపస్ మందుల మీద, పరీక్షల మీద జరిగే అధ్యయనాల్లో స్టడీ కోఆర్డినేటర్‌ని. చేరేవాళ్ళకి కాగితాలు చదివి వినిపించడం, రక్తం, మూత్రం తీయించి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కి చేర్చడం, విజిట్ తప్పితే ఫోన్ చేసి "ఏటమ్మా, రాలేదేటి?" అని అడగడం నా పని. ఉండేది విజయనగరం. చీపురుపల్లి, రాజాం మొదలుకుని ఇచ్ఛాపురం దాకా ఉన్నవాళ్ళు మా దగ్గరికి వస్తారు. పదకొండేళ్ళుగా వాళ్ళ నోట వింటున్న మాటల్లో కొన్నింటికి జవాబు రాస్తున్నాను. మందు మార్చడం, ఆపడం మాత్రం మీ డాక్టరుతో మాట్లాడాకే.

లూపస్ అంటే ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ ఆ ఒంటి మీదే తిరగబడటం. చర్మం, కీళ్ళు, రక్తకణాలు, కిడ్నీలు, దేన్నైనా పట్టుకుంటుంది. పది మందిలో తొమ్మిది మంది ఆడవాళ్ళే, ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్ళు.

అపోహ: ఏఎన్‌ఏ పాజిటివ్ వచ్చిందంటే లూపస్ వచ్చినట్టే.

రాజాం వైపు నుంచి తల్లీకూతుళ్ళు వచ్చారు. అమ్మాయికి జ్వరం తగ్గాక కూడా నెలపాటు కీళ్ళ నొప్పులు. ఎవరో చెబితే ప్యాకేజీ టెస్టులు చేయించారు. ఏఎన్‌ఏ (సొంత కణాల మీదే తిరగబడే యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్ష) 1:80 పాజిటివ్. ఫోన్‌లో వెతికితే లూపస్ అని వచ్చింది. కుదిరిన సంబంధాన్ని వాయిదా వేసుకుని మరీ బస్సెక్కారు. డాక్టరు చూస్తే మూత్రం శుభ్రంగా ఉంది, రక్తకణాలు సరిగ్గా ఉన్నాయి, నొప్పులు వాటంతటవే తగ్గుతున్నాయి. లూపస్ కాదు.

మజ్జిగలో నీళ్ళు కలుపుతూ పోతే పులుపు ఎందాకా తెలుస్తుందో చూస్తాం కదా, 1:80 అన్నది అలాంటి లెక్కే. సీరాన్ని 40 రెట్లు, 80 రెట్లు, 160 రెట్లు పలచన చేస్తూ యాంటీబాడీ ఇంకా కనిపిస్తోందా అని చూస్తారు. పలు దేశాల ల్యాబులు కలిసి చేసి 1997లో ప్రచురించిన అధ్యయనంలో, ఏ జబ్బూ లేనివాళ్ళలోనే నూటికి 13 మందికి 1:80 దగ్గర పాజిటివ్ వచ్చింది. 1:40 దగ్గరైతే 30 మందికి పైనే.

2019లో యూరప్, అమెరికా రుమటాలజీ సంఘాలు కలిసి పెట్టిన ప్రమాణాల్లో ఏఎన్‌ఏ గుమ్మం మాత్రమే. అది లేనిదే లోపలికి రానివ్వరు, ఉన్నంత మాత్రాన పీట వేసి కూర్చోబెట్టరు. ఆ తర్వాత జ్వరం, చర్మం, కీళ్ళు, కిడ్నీ, రక్తంలో సీ3, సీ4 అనే రోగనిరోధక ప్రొటీన్లు తగ్గడం లాంటి ఒక్కోదానికి ఇన్నేసి పాయింట్లు ఉంటాయి. కనీసం 10 రావాలి. అదీ అధ్యయనాలకి మనుషుల్ని ఎంచడానికి పెట్టుకున్న కొలత. మీ జబ్బు తేల్చాల్సింది మిమ్మల్ని పరీక్షించిన డాక్టరే.

ఒకసారి పాజిటివ్ అని తేలాక మూడు నెలలకోసారి ఏఎన్‌ఏ చేయించడం డబ్బు దండగ. జబ్బు పెరిగిందో తగ్గిందో అది చెప్పదు. యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ (డీఎన్‌ఏ మీద తిరగబడే యాంటీబాడీ), సీ3, సీ4 చాలామందిలో జబ్బుతో పాటు మారతాయి కాబట్టి వాటిని మళ్ళీ మళ్ళీ చూస్తాం. యాంటీ స్మిత్ అనే ఇంకో యాంటీబాడీ ఉంటే అనుమానం బాగా బలపడుతుంది గానీ కొద్దిమందిలోనే ఉంటుంది. (స్మిత్ అన్నది డాక్టరు పేరనుకునేదాన్ని. కాదు, అది మొదట దొరికిన పేషెంటు ఇంటిపేరు.)

వీడీఆర్‌ఎల్ గురించీ చెప్పాలి. లూపస్ ఉన్న కొందరిలో ఈ సుఖవ్యాధి పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు చేసే పరీక్షల్లో అది బయటపడి, భార్యాభర్తలు మాటలు మానేసుకుని మా గది ముందు చెరో బెంచీ మీద కూర్చోవడం చూశాను. ఆ సుఖవ్యాధి నిజంగా ఉందో లేదో తేల్చే టీపీహెచ్‌ఏ పరీక్ష చేయిస్తే, లేదని తేలిపోయింది. ఆ పరీక్ష అయ్యేదాకా ఎవరూ ఎవర్నీ ఏమీ అనకండి.

అపోహ: అంటుకుంటుంది.

అంటుకోదు. కంచం, గ్లాసు వేరు పెట్టకండి. దీని మీద ఇంతకన్నా రాయాల్సింది లేదు.

అపోహ: కిడ్నీ జబ్బు మా ఉద్దానంలో ఉన్నదే, ఇదీ అదే.

దీని దగ్గర కాసేపు ఆగుతాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ పేషెంటు లేని వీధి వెతుక్కోవాలి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచింది అందుకే. ఆ జబ్బు అంతగా ఉండటం వల్ల ఇంకో నష్టం కూడా జరుగుతోంది. ఆ వైపు ఆడపిల్లకి కాళ్ళు వాచినా "వాళ్ళ నాన్నకీ ఇలాగే, ఈ నీళ్ళ వల్లే" అని ఊరుకుంటున్నారు.

రెండూ వేరు. ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, చప్పుడు లేకుండా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరుగుతూ పోతుంది. లూపస్ కిడ్నీలో మొదట్లో తరచుగా దీనికి ఎదురు. క్రియాటినిన్ బాగానే ఉంటుంది, మూత్రంలో మాత్రం ప్రొటీన్, రక్తకణాలు పోతుంటాయి. మూత్రం నురగగా రావడం, పొద్దున్న లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు, కొత్తగా బీపీ. "క్రియాటినిన్ నార్మల్ అన్నారు" అని నిశ్చింతగా ఉన్నవాళ్ళని చూస్తే నాకు భయం. లూపస్ కిడ్నీని తొందరగా పట్టుకుంటే మందులతో నిలబెట్టే అవకాశం చాలా ఎక్కువ. ఆ అవకాశాన్ని నీళ్ళ ఖాతాలో రాసి పోగొట్టుకోవద్దు.

మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి 0.5 దాటితే డాక్టరు బయాప్సీ మాట ఎత్తుతారు. "సూది గుచ్చితే ఉన్న కిడ్నీ కూడా పోద్ది" అని లేచి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. తీసేది దారప్పోగంత ముక్క. రక్తస్రావం ప్రమాదం కొద్దిగా ఉంది, లేదనను. అందుకే పడుకోబెట్టి గమనిస్తారు. కానీ లోపల ఏ రకం దెబ్బ తగిలిందో తెలియకుండా వాడే మందులు గుడ్డిగా వాడినట్టే.

అలాగని ఏటేటా బయాప్సీ చేయలేం. కిడ్నీ లోపలి మంటని మూత్రంలోనే చదవగలమా అన్నది ఇప్పుడు పరిశోధనల్లో పెద్ద వెతుకులాట. ఎంసీపీ-1, ఎన్‌గాల్, సీడీ163 లాంటి ప్రొటీన్లని ఇందుకే కొలుస్తున్నారు. ఇంకా మామూలు ల్యాబుల్లోకి రాలేదు. ఒక దేశంవాళ్ళలో పనికొచ్చిన కొలత మనవాళ్ళలోనూ పనికొస్తుందని తేలాలి. "మా ఉచ్చతో మీకేటి పనమ్మా?" అని నవ్వుతూ డబ్బా చేతికిచ్చే మా సోంపేట పెద్దమ్మకి నేను చెప్పే జవాబు ఇదే.

అపోహ: హైడ్రాక్సీక్లోరోక్విన్ మలేరియా మాత్ర, వాడితే కళ్ళు పోతాయి.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపువాళ్ళకి క్లోరోక్విన్ అంటే చలిజ్వరం మాత్ర. దాని తమ్ముడిని లూపస్‌కి ఇస్తే అనుమానం రావడం సహజమే. కానీ లూపస్‌కి దీన్ని వాడటం 1950ల నుంచీ ఉంది. వద్దనడానికి ప్రత్యేక కారణం లేకపోతే లూపస్ ఉన్న అందరికీ ఇదే పునాది. గర్భం వచ్చినా సాధారణంగా ఆపరు.

కంటి మాట పూర్తిగా అబద్ధం కాదు. రోజుకి కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు దాటకుండా వాడితే మొదటి అయిదేళ్ళలో రెటీనా (కంటి వెనక పొర) దెబ్బతినేది నూటికి ఒకరికన్నా తక్కువ, పదేళ్ళకి ఇద్దరికన్నా తక్కువ. ఇరవై ఏళ్ళు దాటాక బాగా పెరుగుతుంది. అందుకే మొదట్లో ఒకసారి, అయిదేళ్ళ తర్వాత ఏటా కంటి పరీక్ష. కిడ్నీ బాగోలేనివాళ్ళకి ఇంకా ముందు నుంచే. 40 కిలోల అమ్మాయికి రోజుకి 400 రాసి ఉంటే డాక్టర్ని అడగండి, తప్పు లేదు.

అపోహ: ట్రయల్‌లో చేరితే మనల్ని ఎలకల్ని చేస్తారు, సగం మందికి ఉత్తుత్తి మందిస్తారు.

ఉత్తుత్తి మందు నిజమే. కానీ లూపస్ ట్రయల్స్‌లో సాధారణంగా ఎవరి మామూలు మందులు వాళ్ళకి నడుస్తూనే ఉంటాయి. కొత్త మందో, ఉత్తుత్తి మందో దాని మీద అదనం. ఎవరికేది వెళ్తోందో నాకూ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఎంత బతిమాలినా చెప్పలేం.

మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ప్రతి ట్రయల్‌నీ సీటీఆర్‌ఐలో (ట్రయల్స్ వివరాలుండే జాతీయ రిజిస్ట్రీ) ముందే నమోదు చేయాలి, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం మీ హక్కు. ఏ రోజైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు, మీ మామూలు వైద్యం ఆగదు. చదువు రానివాళ్ళ దగ్గర వేలిముద్ర ఒక్కటే తీసుకుంటే చాలదు, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కన కూర్చుని మొత్తం వినాలి. నేను పని నేర్చుకున్న మొదటిచోట ఆ కాగితాన్ని అయిదు నిమిషాల్లో ముగించేసేవారు. ఇప్పటికీ అది గుర్తొస్తే సిగ్గేస్తుంది. మీకు అర్థమయ్యే తెలుగులో లేకపోతే సంతకం పెట్టకండి, ఇంటికి తీసుకెళ్ళి చదివించుకోండి.

అపోహ: కొత్త మందంటే పాతదానికన్నా మంచిదే.

అలాగైతే ట్రయలే అక్కర్లేదు. లూపస్ చాలా మంచి మందుల్ని మట్టి కరిపించింది. ఎందరికో పనిచేస్తోందని డాక్టర్లు నమ్మిన రిటుక్సిమాబ్ రెండు పెద్ద ట్రయల్స్‌లోనూ లక్ష్యం అందుకోలేదు. ఇప్పటికీ కష్టమైన కేసుల్లో వాడుతూనే ఉన్నారు. 2011లో అమెరికాలో అనుమతి వచ్చిన బెలిముమాబ్, లూపస్‌కి అర్ధశతాబ్దం తర్వాత వచ్చిన కొత్త మందు. మన దేశంవాళ్ళు కూడా పాల్గొన్న దాని ట్రయల్‌లో ఎక్కువ డోసు తీసుకున్నవాళ్ళలో ఏడాది తిరిగేసరికి 58 శాతం మెరుగయ్యారు. ఉత్తుత్తి మందువాళ్ళలో ఎంతమందనుకున్నారు? 44 శాతం. మామూలు మందులు క్రమం తప్పకుండా వాడి, నెలనెలా డాక్టరుకి కనపడటం కూడా అందుకు ఒక కారణం కావచ్చు. ఆ లెక్క చూశాకే విజిట్ తప్పినవాళ్ళకి రెండోసారి కూడా ఫోన్ చేయడం మొదలుపెట్టాను.

జబ్బుని దేనితో కొలిచామన్నదీ ఫలితాన్ని మార్చేస్తుంది. అనిఫ్రోలుమాబ్ మొదటి పెద్ద ట్రయల్‌లో ఒక కొలతతో ఓడి, రెండోదాంట్లో ఇంకో కొలతతో గెలిచింది. 2021లో అనుమతి వచ్చింది. రక్తంలో ఇంటర్‌ఫెరాన్ (రోగనిరోధక వ్యవస్థని రెచ్చగొట్టే ప్రొటీన్) జాడ ఎక్కువ ఉన్నవాళ్ళలో దాని ఫలితం స్పష్టంగా కనపడింది. ఎవరికి ఏ మందు పడుతుందో ముందే చెప్పే బయోమార్కర్ (రక్తంలోనో మూత్రంలోనో కొలవగలిగే గుర్తు) కోసం ఇంత పట్టుదల ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది.

అపోహ: జర్మనీలో పూర్తిగా నయం చేసేశారట.

నరసన్నపేట నుంచి ఒక అన్నయ్య వాట్సాప్ వీడియో పంపి "మా గుంటకి (అమ్మాయికి) ఇది చేయించండి మేడమ్" అన్నాడు. వీడియోలోది కార్-టీ. పేషెంటు రక్తంలోని టీ కణాలని (రోగనిరోధక కణాల్లో ఒక రకం) తీసి, ల్యాబులో మార్చి తిరిగి ఎక్కిస్తారు. జర్మనీలోని ఎర్లాంగెన్ డాక్టర్లు 2024లో ప్రచురించిన ఫలితాల్లో 8 మంది లూపస్ పేషెంట్లకి 8 మందీ కోలుకుని మందులు ఆపేశారు. నిజంగా అబ్బురమే. కానీ ఎనిమిది మందే. ఉత్తుత్తి మందుతో పోల్చి చూసింది కాదు. ముందు కీమో ఇవ్వాలి, ఆసుపత్రిలో ఉండాలి. పెద్ద అధ్యయనాలు ఇంకా నడుస్తున్నాయి.

ఇదంతా చెప్పాక, ఇప్పుడు ఏ మందులు వాడుతోందని అడిగాను. ఆ వీడియో వచ్చాక మూడు నెలలుగా అన్నీ మానేసిందట. మర్నాడే రమ్మన్నాను. మూత్రంలో ప్రొటీన్ మళ్ళీ కనపడింది.