ట్యాప్‌కి సమయం ఇవ్వండి

చిరంజీవులకు ఆశీస్సులు.

"జియుజిత్సు క్లాసులో ఒకడు ప్రతి రౌండూ ఫైనల్ మ్యాచ్‌లాగే ఆడతాడు. నేను ట్యాప్ చేశాక కూడా ఇంకాస్త లాగుతాడు. నేనూ అలాగే చేయాలా తాతయ్యా?" అని మీలో ఒకరు అడిగారు. జియుజిత్సు అంటే నేల మీద పట్లు పట్టి అవతలివాడిని లొంగదీసుకునే ఆట, ట్యాప్ అంటే "లొంగిపోయాను, వదులు" అని తట్టి చెప్పడం. వద్దమ్మా. ఎందుకు వద్దో చెప్పాలంటే ముందు ఒక రంపం సంగతి చెప్పాలి.

పెద్ద దుంగను అడ్డంగా కోయడానికి రెండు కొసలా పిడి ఉన్న పొడవాటి రంపం వాడతారు. చెరో కొసా ఒకరు పట్టుకుంటారు. దానికి ఉన్న నియమం ఒక్కటే: లాగాలి, నెట్టకూడదు. ఒకరు లాగుతుంటే రెండోవారు పిడి పట్టుకునే, చెయ్యి వదులు చేసి రంపాన్ని పోనివ్వాలి. తర్వాత వారి వంతు. ఉత్సాహం ఆగక ఒకడు నెట్టాడంటే పల్చటి రేకు వంగి దుంగలో బిగుసుకుంటుంది. ఒకడు పిడి మీద బరువంతా వేస్తే పళ్ళు చెక్కలో దిగబడిపోతాయి, అవతలివాడు వీడి బరువు కూడా లాగాల్సి వస్తుంది. బలమైనవాడు తన వేగంతోనే లాగుతూ పోతే రెండోవాడు కాసేపట్లో కూలబడతాడు, దుంగ మాత్రం సగంలోనే ఉంటుంది. అందుకని ఆ పని తెలిసినవాళ్ళు ఇద్దరిలో నెమ్మదైనవాడి వేగానికే కుదురుకుంటారు. అలాగని అది తేలిక పనేం కాదు, ఇద్దరికీ చెమటలు కారిపోతాయి. కోత మాత్రం ఆగదు.

స్పారింగ్‌లో, అంటే క్లాసులో జంటగా తలపడే సాధనలో, మీ జోడీ ఆ రెండో పిడి దగ్గర ఉన్న మనిషి. బలం వాడండి, తప్పులేదు. కానీ గుంజకండి. వాడి చేతిని మీ తొడల మధ్య ఇరికించి మోచేతిని వెనక్కి వంచే ఆర్మ్‌బార్‌నే చూడండి. ముందు మీ మోకాళ్ళు రెండూ దగ్గరికి బిగించి అవతలివాడి భుజం కదలకుండా చేయాలి. వాడి మణికట్టును మీ ఛాతీకి ఆనించుకోవాలి, బొటనవేలు పైకి చూస్తూ ఉండాలి. అప్పుడు నడుం పైకెత్తాలి, అదీ రెండు మూడు సెకన్లు పట్టేలా. మోచెయ్యి పూర్తిగా చాచుకున్నాక అది దెబ్బతినడానికి మిగిలిన దూరం చాలా తక్కువ. ఒక్కసారిగా ఎత్తారంటే వాడు నొప్పి తెలిసి చెయ్యి తట్టేలోపే ఆ దూరం దాటిపోతుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. పట్టు సరిగా ఉంటే ఆ మూడు సెకన్లలో వాడు తప్పించుకోలేడు. తప్పించుకున్నాడంటే మీ మోకాళ్ళ మధ్య సందుందన్నమాట. ఆ సంగతి ఇవాళే తెలియడం మీకు లాభం. గుంజి గెలిచినవాడికి తన సందు ఎక్కడుందో తెలియదు. తనకన్నా బలమైనవాడు ఎదురైన రోజున ఆ పట్టు ఎందుకు జారిందో కూడా అర్థం కాదు.

ఇక ట్యాప్. అవతలివాడి ఒంటి మీద, వాడికి తెలిసేలా, రెండు మూడు సార్లు గట్టిగా తట్టండి. చేతులు ఇరుక్కుంటే కాలితో మ్యాట్‌ను కొట్టండి, నోటితో "ట్యాప్" అని అరవండి. నొప్పి వచ్చేదాకా ఆగకండి, ఎందుకంటే కొన్ని పట్లలో నొప్పి ముందుగా రాదు. చోక్ మెడకు రెండు పక్కలా ఉన్న రక్తనాళాలను నొక్కుతుంది. సరిగ్గా పడితే పది సెకన్లలోపే స్పృహ తప్పవచ్చు. మడమ పట్టి మోకాలిని మెలిపెట్టే హీల్ హుక్ అయితే నొప్పి తెలిసేసరికే మోకాలి లిగమెంట్ తెగిపోయి ఉండవచ్చు. అందుకే అది పిల్లలు చేసే పట్టు కాదు. పట్టు వేసినవాళ్ళు తట్టిన మరుక్షణం వదలాలి. అనుమానంగా ఉన్నా వదిలేయాలి. చోక్ అయితే తల ధబ్బున మ్యాట్‌కి తగలకుండా చెయ్యి అడ్డుపెట్టి వదలాలి.

మరి వదలనివాడి సంగతి? అలాంటివాళ్ళలో ఎక్కువమంది చెడ్డవాళ్ళు కారు, భయపడుతున్నవాళ్ళు. ఊపిరి బిగబడతారు, పైనుంచి కిందికి వచ్చేసరికి మోచేతులూ మోకాళ్ళూ ఎటు పడితే అటు విసురుతారు, ఎవరు ఎన్నిసార్లు ట్యాప్ చేశారో లెక్కపెట్టుకుంటారు. రౌండ్ మొదలయ్యేముందే, చేతులు కలిపేటప్పుడే, "నెమ్మదిగా చేద్దామా? నా కుడి భుజం నొప్పిగా ఉంది" అని చెప్పండి. దెబ్బ ఉంటే ఎక్కడో కచ్చితంగా చెప్పాలి. ఆట మొదలయ్యాక మీ మోచేతులు డొక్కలకు దగ్గరగా ఉంచుకోండి, వాడికి ఊపు అందేంత దూరం ఇవ్వకండి. వెల్లకిలా ఉండి రెండు కాళ్ళతో వాడి నడుం చుట్టే క్లోజ్డ్ గార్డ్‌లో కాళ్ళు బిగించి, వాడి తలను కిందికి లాగి పట్టుకుంటే విసురు సగం తగ్గుతుంది. వాడి వేగానికి మీరు వేగం కలపకండి. ట్యాప్ మామూలుకన్నా ముందే చేసేయండి.

ట్యాప్ తర్వాత కూడా లాగితే అక్కడే ఆపి, "నేను తట్టాక కూడా లాగావు, మోచెయ్యి నొప్పి పుట్టింది" అని జరిగింది జరిగినట్టు చెప్పండి. మళ్ళీ అదే చేస్తే కోచ్‌కి చెప్పండి. అది చాడీ కాదు, ఆయన తెలుసుకోవాల్సిన విషయం. మరోసారి వాడు పిలిస్తే "ఈ రౌండ్ వద్దు" అనే హక్కు మీకుంది. కారణం చెప్పనక్కర్లేదు, మొహమాటపడనూ అక్కర్లేదు.

ఈ ఆటకు మూలం ఎక్కడుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 1882లో జపాన్‌లో జిగోరో కానో అనే ఆయన కొడొకాన్ అనే శిక్షణశాల పెట్టాడు. జపాన్ పాత యుద్ధవిద్య జుజుత్సులోని ప్రమాదకరమైన పట్లను స్వేచ్ఛగా తలపడే సాధన నుంచి పక్కన పెట్టాడు. పట్లు తగ్గితే ఆట బలహీనపడాలి కదా? అలా జరగలేదు. దెబ్బల భయం తగ్గింది కాబట్టి శిష్యులు రోజూ నిజంగా తలపడగలిగారు, రోజూ తలపడ్డారు కాబట్టి ఆరితేరారు. ఆ బడిలో నేర్చుకున్న మిత్సుయో మాయేడా 1914లో బ్రెజిల్ చేరాడు. ఆ విద్య అక్కడి గ్రేసీ అన్నదమ్ముల చేతుల్లో పడి మీరు ఇవాళ నేర్చుకుంటున్న ఆటగా మారింది. మీ జోడీ రేపు కూడా క్లాసుకు రాగలగడం మీద ఇదంతా నిలబడి ఉంది.

పోటీకి వెళ్ళినప్పుడు స్వీప్‌కి (కింద నుంచి తిప్పి పైకి రావడానికి) 2, గార్డ్ (అవతలివాడి కాళ్ళ అడ్డు) దాటితే 3, మౌంట్‌కి (వాడి మీద ఎక్కి కూర్చోవడానికి) 4 పాయింట్లు. అక్కడ రిఫరీ ఉంటాడు, శక్తంతా పెట్టి ఆడండి. క్లాసులో స్కోరు బోర్డు లేదు. కాబట్టి రౌండ్‌కి ఒక్క పని పెట్టుకోండి: ఇవాళ సైడ్ కంట్రోల్ (పక్క నుంచి ఛాతీ మీద బరువు వేసి అదిమే పట్టు) కింద నుంచి బయటపడటం, అంతే. మీకన్నా చిన్నవాళ్ళతో అయితే ఆ చెడ్డ చోటు నుంచే మొదలుపెట్టండి. మీ ఊపిరి ముక్కుతో ఆడుతుందో లేదో మధ్యమధ్య చూసుకోండి. పళ్ళు బిగిసి, ఊపిరి ఆగిపోతుంటే ఆ రౌండ్‌లో గుంజుతున్నది మీరే.

మిగతావి మీకు తెలిసినవే. గోళ్ళు కత్తిరించుకోవాలి, ఉంగరాలూ చెవి పోగులూ తీసేయాలి, ఉతికిన గీ (ఆట దుస్తులు) వేసుకోవాలి, తామర ఉంటే తగ్గేదాకా మ్యాట్ ఎక్కకూడదు. పక్క జంటకు తగలబోతుంటే ముందు చూసినవాళ్ళు "ఆపు" అనాలి.

ఈసారి క్లాసులో ఒక రౌండ్ కూర్చుని చూడండి. అందరికన్నా పై బెల్ట్ ఉన్నవారు కొత్తవాళ్ళతో చేసేటప్పుడు ఎంత బరువు వేస్తున్నారు, పట్టు దొరికాక చివరి అంగుళం ఎంత నెమ్మదిగా వెళ్తున్నారు, ఎన్నిసార్లు పట్టు పూర్తి చేయకుండా వదిలేస్తున్నారు, ఇవి గమనించి నాకు రాయండి.

మీ
తాతయ్య