కాలికి తెలిసింది నోటికి రావాలి: పిల్లల ఫుట్‌బాల్ కోచింగ్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: బాగా ఆడినవాడు బాగా నేర్పుతాడు.

వాస్తవం: ఏళ్ల తరబడి ఆడినవాడి కాలు ఆలోచించకుండానే పని చేసేస్తుంది. బంతి ఎలా ఆపాలని పిల్లలు అడిగితే ‘ఇదిగో, ఇలా’ అని చేసి చూపిస్తాడు. పదేళ్లవాడికి అది చాలదు. బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడడం, ఒంటిని కాస్త పక్కకు తిప్పి నిలబడడం, బంతికి దూరంగా ఉన్న కాలితో అందుకోవడం: ఈ మూడింటినీ విడదీసి, రోజుకొకటి చొప్పున చెప్పాలి. మన జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. నేర్పడం వేరే విద్య, అందుకే కోచ్ కావాలనుకుంటే ఆట మానేసేదాకా ఆగొద్దు. ఆడుతుండగానే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి కోచింగ్ లైసెన్సుతో మొదలుపెట్టండి. ఆ తర్వాత పై మెట్లు సి, బి, ఏ.

అపోహ: గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టిస్తేనే దమ్ము పెరుగుతుంది.

వాస్తవం: తమకు అలాగే నేర్పారు కాబట్టి చాలామంది మాజీ ఆటగాళ్లు అదే కొనసాగిస్తున్నారు. రౌండ్లయ్యాక పిల్లల్ని వరసలో నిలబెడతారు. లెక్క చూడండి. పదిమంది వరసలో ఒక్కొక్కరికీ 15 సెకన్ల వంతు ఇస్తే, 20 నిమిషాల్లో ఒక్కో పిల్లాడికి దక్కేది 8 వంతులు, అంటే 2 నిమిషాలు. మిగతా 18 నిమిషాలూ నిలబడడమే!

దీనికి బదులు ముగ్గుపిండితో 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గీసి, అటు నలుగురు ఇటు నలుగురిని ఆడించండి. 4 నిమిషాలు ఆట, 2 నిమిషాలు విశ్రాంతి, ఇలా ఐదుసార్లు. దమ్మూ వస్తుంది, బంతీ మాట వింటుంది. అందరూ బంతి చుట్టూ మూగుతుంటే అరవకండి. ఒక్కో వైపు రెండేసి చిన్న గోల్స్ పెట్టండి, పిల్లలు వాళ్లంతట వాళ్లే విడిపోతారు. బంతి మాటిమాటికీ బయటికి పోతుంటే గీతలు ఇంకాస్త వెనక్కి జరపండి.

అపోహ: చిన్నప్పుడే పెద్ద బంతితో ఆడితే కాలికి బలం.

వాస్తవం: 5వ నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములుంటుంది. ఎనిమిదేళ్లవాడు దాన్ని బొటనవేలి మొనతో పొడుస్తాడు, ఆ అలవాటు పోగొట్టడం చాలా కష్టం. ఎనిమిదేళ్లలోపు వాళ్లకు 3, పన్నెండు దాకా 4. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కోతలయ్యాక మళ్లలో ఆడిస్తారు కదా, ఆ గట్టి నేల మీద బంతి ఎగిరెగిరి పడుతుంది. గాలి కొంచెం తగ్గించండి.

అపోహ: ఎత్తూ ఒడ్డూ ఉన్నవాణ్ణే ఎంచుకోవాలి.

వాస్తవం: పదమూడేళ్లకు పొడుగ్గా ఉన్నవాడు ముందు ఎదిగాడంతే. పొట్టివాడు రెండేళ్లలో అందుకోవచ్చు. మూడు నెలలకోసారి అందరి ఎత్తూ కొలిచి రాసుకోండి. ఒక్కసారిగా పెరుగుతున్నవాడికి మోకాలి చిప్ప కింద గానీ మడమ వెనక గానీ నొప్పి వస్తే ‘ఓర్చుకోరా’ అనకండి. అక్కడి ఎముక ఇంకా ఎదుగుతోంది. గెంతులు, పరుగులు తగ్గించాలి. తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించాలి. ఎండిన నేల మీద బూట్ల కింది పొడవాటి మేకులు (స్టడ్స్) దిగవు, మడమకు దెబ్బ. పొట్టి రబ్బరు మేకుల టర్ఫ్ బూట్లే నయం.

అపోహ: ఆట మధ్యలో నీళ్లు తాగితే పరుగు మందగిస్తుంది.

వాస్తవం: మన తీరంలో ఉక్కకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. 15-20 నిమిషాలకోసారి నాలుగు గుక్కలు తాగించాలి. ఆట అయ్యాక ఉప్పేసిన మజ్జిగ ఇవ్వండి. ఎండాకాలం ప్రాక్టీసు ఉదయం ఏడున్నరకల్లా ముగించండి. ఎవరైనా తూలినా, మాట తడబడినా వెంటనే నీడకు చేర్చి, తల మీద, ఒంటి మీద నీళ్లు పోస్తూ, విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యకండి.